స్నో బ్లోయర్‌తో ఇంటి ముందు మంచు తీయడం ఎలా: క్షేమంగా, శుభ్రంగా

చలికాలం దగ్గరపడితే చాలు, న్యూజెర్సీ నుంచి, మిషిగన్ నుంచి, షికాగో శివార్ల నుంచి, టొరంటో వైపు నుంచి ఒకటే ప్రశ్న వస్తోంది. "అపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్లూ మంచు ఎవరో తీసేవారండీ. ఇప్పుడు సొంత ఇల్లు, సొంత డ్రైవ్‌వే. మెషీన్ కొన్నాం, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు." అడిగే వాళ్లలో ఎక్కువమంది మంచు పడని ఊళ్లలో పెరిగినవాళ్లే. ఈ పని ఇంట్లో ఎవరూ నేర్పి ఉండరు. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒకచోట రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. మెషీన్ ముందుభాగంలో తిరిగే మరను ఆగర్ అంటారు. దాని వెనక ఉండి మంచును విసిరే రెక్కల చక్రం ఇంపెల్లర్. మంచు బయటికి చిమ్మే గొట్టం చ్యూట్. ఇంజిన్ ఆడుతున్నా, ఆపేసి ఉన్నా, ఈ మూడింటిలోకి చేయి పోనివ్వకండి. స్నో బ్లోయర్ వల్ల వేళ్లు పోగొట్టుకునేవాళ్లలో చాలామంది గొట్టంలో ఇరుక్కున్న మంచును చేత్తో తీయబోయినవాళ్లే. దీని గురించి కింద వివరంగా రాశాను. మిగతా అంతా హడావిడిగా చదివినా, ఆ భాగం మాత్రం నిదానంగా చదవండి.

మీ దగ్గరున్నది ఏ రకం?

సింగిల్ స్టేజ్ మెషీన్‌లో ఒక్క ఆగరే ఉంటుంది. దాని రబ్బరు అంచులు నేలను తాకుతూ తిరిగి, మంచును తీసుకుని అవే విసిరేస్తాయి. తారు, కాంక్రీటు మీద నేల కనిపించేలా శుభ్రం చేస్తుంది. ఆరేడు అంగుళాల మంచు దాకా హాయిగా పనిచేస్తుంది. కంకర పరిచిన దారి మీద మాత్రం దీన్ని వాడకండి, రాళ్లను ఏరి మరీ విసురుతుంది.

టూ స్టేజ్ మెషీన్‌లో ఇనుప ఆగర్ మంచును పోగుచేస్తే, వెనకున్న ఇంపెల్లర్ దాన్ని దూరంగా విసురుతుంది. చక్రాలను ఇంజినే తిప్పుతుంది కాబట్టి తోసే పని ఉండదు. ఆగర్ నేలకు తగలదు, కాస్త ఎత్తులో ఉంటుంది. అందువల్ల ఎత్తు సరిచేసుకుంటే కంకర దారి మీద కూడా నడపొచ్చు.

ఇంకా కొననివాళ్లకు నా అభిప్రాయం చెబుతాను. న్యూజెర్సీ, మేరీలాండ్ వైపు రెండు కార్ల డ్రైవ్‌వేకి సింగిల్ స్టేజ్ చాలు. బఫెలో, పశ్చిమ మిషిగన్ లాంటి చోట్ల సరస్సుల మీదుగా వచ్చే గాలి ఒక్క రాత్రిలో అడుగుల లెక్కన మంచు కుమ్మరిస్తుంది. అక్కడ 24 అంగుళాలు, ఆపైన వెడల్పున్న టూ స్టేజ్ కావాలి. అయితే మరీ పెద్దది కొంటే గరాజ్‌లో తిప్పడమే కష్టం. బ్యాటరీ మెషీన్లు ఇప్పుడు బాగా వచ్చాయి, చిన్న డ్రైవ్‌వేలకు సుఖం. కాకపోతే చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, తడి మంచులో ఇంకా త్వరగా. అదనంగా ఇంకో బ్యాటరీ ఉంచుకోలేకపోతే పెద్ద డ్రైవ్‌వేకి నేను సిఫారసు చేయను.

కావలసినవి

మెషీన్‌తో పాటు వచ్చిన మాన్యువల్, శుభ్రం చేసే ప్లాస్టిక్ పుల్ల (చాలా టూ స్టేజ్ మెషీన్లకు పైనే తగిలించి ఉంటుంది), అదనంగా రెండు మూడు షియర్ పిన్నులు (ఆగర్‌కి ఏదైనా అడ్డుపడితే తెగిపోయే పిన్నులు), వాటికి సరిపడే రెంచ్, సిలికాన్ స్ప్రే, ఒక పార, ఐస్ కరిగించే ఉప్పు, డ్రైవ్‌వే అంచుల్లో గుచ్చే రంగు కర్రలు. పెట్రోలు మెషీన్ అయితే కొత్త పెట్రోలు, ఫ్యూయల్ స్టెబిలైజర్, మాన్యువల్‌లో చెప్పిన ఇంజిన్ ఆయిల్ (చాలావాటికి 5డబ్ల్యూ-30). వైరుతో నడిచేదైతే బయట వాడకానికి పనికొచ్చే మందపాటి ఎక్స్‌టెన్షన్ కార్డ్. దాన్ని జీఎఫ్‌సీఐ రక్షణ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఏర్పాటు) ఉన్న ప్లగ్‌కే పెట్టాలి. ఇంట్లో దీపాలకు వాడే సన్న వైరు వేడెక్కిపోతుంది.

ఒంటి మీదకి: పట్టున్న బూట్లు, గ్లౌజులు, కళ్లద్దాలు, చెవులకు మఫ్. వేలాడేవి ఏవీ వద్దు. చున్నీ, శాలువా, మఫ్లర్ కొసలు, జాకెట్ తాళ్లు అన్నీ లోపలికి దోపుకోవాలి, లేదా తీసేయాలి.

మంచు పడకముందే

దీపావళి దాటగానే ఒక శనివారం దీనికి కేటాయించండి. మొదటి తుఫాను వచ్చాక విడిభాగాలు దొరకవు, రిపేరు షాపుల్లో వరస పెరుగుతుంది.

1. నేలను చూసుకోండి. డ్రైవ్‌వే మీద, గడ్డి అంచుల్లో ఏమున్నాయో ఏరేయండి: పిల్లల బంతులు, నీళ్ల పైపు, గుమ్మం ముందు చాప, అలంకరణ రాళ్లు, దీపావళికి వేసి క్రిస్మస్ దాకా వదిలేసే లైట్ల వైర్లు. ప్లాస్టిక్ సంచీలో చుట్టి పడేసిన న్యూస్‌పేపర్ మంచు కింద అసలు కనిపించదు, ఆగర్‌లో పడితే మెషీన్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. నేల గడ్డకట్టకముందే రంగు కర్రలు గుచ్చేయండి. తర్వాత గుచ్చాలన్నా దిగవు.

2. ఇంధనం. పోయిన ఏడు మిగిలిన పెట్రోలు వాడకండి. స్టెబిలైజర్ కలపని పెట్రోలు నెల రోజులకే పాడవడం మొదలవుతుంది. "నిరుడు బాగానే నడిచింది, ఇప్పుడు స్టార్ట్ కావడం లేదు" అనేవాళ్ల మెషీన్లలో ఎక్కువసార్లు తేలేది ఇదే: పాత పెట్రోలు, దానివల్ల జిగటబారిన కార్బురేటర్. మామూలు 87 ఆక్టేన్ సరిపోతుంది. ఇథనాల్ 10 శాతం మించకూడదు. ఈ15, ఈ85 అని రాసి ఉన్న పంపుల జోలికి పోవద్దు. క్యాన్‌ను కారులో ఉంచి నింపకండి, కింద నేల మీద పెట్టి నింపండి.

3. ఆయిల్. మెషీన్‌ను చదునుగా నిలబెట్టి కొలపుల్లతో చూడండి. తక్కువైతే పోయండి, గీత దాటి మాత్రం పోయకండి.

4. స్కిడ్ షూలు (టూ స్టేజ్‌కి). ఆగర్ పెట్టెకి రెండు పక్కలా ఉండే ఇనుప పాదాలివి. అడుగున ఉండే స్క్రేపర్ పట్టీ నేలకు ఎంత ఎత్తులో ఉండాలో ఇవే నిర్ణయిస్తాయి. నున్నటి తారు మీద సుమారు మూడు మిల్లీమీటర్లు చాలు. కంకర దారి అయితే అంగుళానికి తగ్గకూడదు. రెండు పక్కలా ఒకే ఎత్తు రావాలంటే, స్క్రేపర్ పట్టీ కింద రెండు చివరలా ఒకే మందమున్న అట్టముక్కలు పెట్టి, షూలను నేలకు ఆనించి బోల్టులు బిగించండి.

5. ఆగే పరీక్ష. బయట, ఎదురుగా ఎవరూ లేనప్పుడు స్టార్ట్ చేసి ఆగర్ మీట నొక్కి వదలండి. ఐదు సెకన్లలోపు ఆగర్ పూర్తిగా ఆగిపోవాలి. ఆగకపోతే కేబుల్ సరిచేయించేదాకా ఆ మెషీన్ వాడకూడదు. మీటలను టేపుతో కట్టేసి నడిపేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. మీరు జారిపడినా మెషీన్ ఆగడానికే ఆ మీటలు అలా పెట్టారు.

మంచు పడిన రోజు

6. టైము చూసుకోండి. ఆరు అంగుళాలు దాటుతుందని చెబితే మొత్తం ఆగేదాకా ఎదురుచూడకండి. సగం పడ్డాక ఒకసారి, అంతా ఆగాక ఒకసారి తీయండి. మొత్తం శ్రమ తక్కువ, మెషీన్‌కీ సుఖం. తీసేదాకా కారు నడపకండి. టైర్ల కింద నలిగిన మంచు నేలకు అంటుకుపోయి ఐస్ అవుతుంది, దాన్ని ఏ బ్లోయరూ తీయలేదు.

చాలా ఊళ్లలో ఇంటి ముందున్న సైడ్‌వాక్ తీసే బాధ్యత కూడా మీదేనని మర్చిపోకండి. దీనికి గడువులుంటాయి, ఊరిని బట్టి మారతాయి. బోస్టన్‌లో మంచు ఆగిన మూడు గంటల్లో తీయాలి, రాత్రి పడితే తెల్లారిన మూడు గంటల్లో. షికాగోలో పగలు పడినదాన్ని రాత్రి 10 లోపు, రాత్రి పడినదాన్ని ఉదయం 10 లోపు తీయాలి. మీ టౌన్‌షిప్ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

7. ఇంట్లో వాళ్లకు చెప్పండి. పిల్లలకి మంచంటే పండగ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకీ అంతే. ఫొటో తీద్దామని, టీ ఇద్దామని దగ్గరికొస్తారు. శబ్దంలో మీకు వాళ్ల మాట వినపడదు, వెనక్కి తిప్పేటప్పుడు మనిషి కనపడడు. గొట్టంలోంచి వచ్చే ఐస్ ముక్క కన్ను పోగొట్టగలదు. "నేను లోపలికి వచ్చేదాకా అందరూ కిటికీలోంచే చూడండి" అని ముందే గట్టిగా చెప్పండి. ఎవరైనా గడప దాటి వస్తే వెంటనే మీటలు వదిలేయండి.

8. మెషీన్‌ను బయటికి తెచ్చి ఉంచండి. వెచ్చటి గరాజ్‌లోంచి తీసి వెంటనే మంచులోకి దించితే, వేడిగా ఉన్న లోహానికి మంచు తగిలి కరిగి, మళ్లీ గడ్డకట్టి, గొట్టం మూసుకుపోతుంది. కాసేపు చలికి అలవాటు కానివ్వండి. ఆ సమయంలోనే, ఇంజిన్ ఇంకా ఆఫ్‌లో ఉండగా, ఇంజిన్ తాళంచెవి బయటికి తీసేసి గొట్టం లోపలికి బయటినుంచే సిలికాన్ స్ప్రే కొట్టండి. అది లేకపోతే వంటింట్లో వాడే నూనె స్ప్రే అయినా పనికొస్తుంది.

9. స్టార్ట్ చేయండి, బయటే. గరాజ్ తలుపు తెరిచే ఉందిగా అని లోపల స్టార్ట్ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, అది గరాజ్‌లోంచి ఇంట్లోకి పాకుతుంది. క్రమం ఇది: పెట్రోలు వాల్వు తెరవండి, తాళం పెట్టండి, థ్రాటిల్‌ను (ఇంజిన్ వేగం మార్చే మీట) కుందేలు బొమ్మ వైపు, అంటే ఫుల్ స్పీడుకి, జరపండి, చోక్ పూర్తిగా వేయండి, ప్రైమర్ బుడగను రెండు మూడుసార్లు నొక్కండి, ఆగర్ మీట, చక్రాలను నడిపే మీట రెండూ వదిలేసి ఉన్నాయో చూసి తాడు లాగండి. అంటుకున్నాక చోక్‌ను మెల్లగా తీసేయండి. ఇప్పటికే వేడిగా ఉన్న ఇంజిన్‌కి చోక్, ప్రైమర్ అక్కర్లేదు.

ఎలక్ట్రిక్ స్టార్టర్ ఉంటే కార్డ్‌ను ముందు మెషీన్‌కి, తర్వాత గోడకి పెట్టండి. తీసేటప్పుడు ముందు గోడ దగ్గర, తర్వాత మెషీన్ దగ్గర. బటన్‌ను ఐదారు సెకన్లకు మించి పట్టుకోకండి. అంటుకోకపోతే కాస్త ఆగి మళ్లీ నొక్కండి.

బ్యాటరీ మెషీన్ అయితే బ్యాటరీని రాత్రంతా ఇంట్లోనే ఉంచి, పని మొదలుపెట్టేటప్పుడే తగిలించండి. గడ్డకట్టే చలిలో ఉన్న లిథియం బ్యాటరీని వెంటనే చార్జింగ్‌కి పెట్టకూడదు, గది వేడికి వచ్చేదాకా ఆగండి.

10. గాలి ఎటు వీస్తోందో చూసి చ్యూట్ తిప్పండి. గాలి వాలు వైపే విసరాలి. ఎదురు విసిరితే అంతా మీ మొహం మీదికే వస్తుంది. కింది చోట్లకు మాత్రం విసరకూడదు:

రోడ్డు మీదికి. మిషిగన్, ఒంటారియో లాంటి చోట్ల ఇది చట్టప్రకారం నేరం. పక్కింటివాళ్ల డ్రైవ్‌వే మీదికి, కార్ల మీదికి, కిటికీల మీదికి. ఫైర్ హైడ్రంట్ మీదికి, దాని చుట్టూ మూడడుగుల జాగా ఖాళీగా ఉండాలి. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, ఇంటి పక్కగోడలోంచి బయటికి వచ్చే తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు. అవి చాలా ఇళ్లలో ఫర్నేస్ పొగగొట్టాలు. వాటిని మంచు మూసేస్తే ఫర్నేస్ ఆగిపోవచ్చు, లేదా విషవాయువు ఇంట్లోకి రావచ్చు. మొదటి ఏడాది ఇంట్లో ఉన్నవాళ్లు ఒకసారి ఇంటి చుట్టూ తిరిగి ఇవి ఎక్కడున్నాయో, గ్యాస్ మీటర్ ఎక్కడుందో, డ్రయ్యర్ గొట్టం ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. తుఫాను తర్వాత వాటి ముందు పేరుకున్న మంచును బ్లోయర్‌తో కాకుండా పారతో జాగ్రత్తగా తీయండి.

11. ఎక్కడ మొదలుపెట్టాలి? గరాజ్ తలుపు ముందు రెండడుగులు పారతో ముందుకు లాగి పెట్టండి, అక్కడ మెషీన్ తిరగడం కష్టం. వెడల్పు డ్రైవ్‌వే అయితే మధ్యలో మొదలుపెట్టి, వెళ్లేటప్పుడు ఒక పక్కకి, వచ్చేటప్పుడు రెండో పక్కకి విసురుతూ అంచుల వైపు జరగండి. ఇరుకు డ్రైవ్‌వే అయినా, గాలి గట్టిగా ఉన్నా, గాలికి ఎదురున్న అంచులో మొదలుపెట్టి అంతా ఒకే వైపుకి పంపండి. ఎలా చేసినా, ఒకసారి విసిరిన మంచునే మళ్లీ విసరాల్సి రాకూడదు. ఒక్కో వరస పక్క వరస మీదికి రెండు మూడంగుళాలు ఎక్కేలా నడపండి.

12. ఇంజిన్ ఎప్పుడూ ఫుల్ స్పీడు, నడక మాత్రం నిదానం. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు. మంచు ఎక్కువగా ఉంటే భయపడి థ్రాటిల్ తగ్గిస్తారు. అలా చేస్తే ఇంపెల్లర్ వేగం తగ్గి, మంచు దూరంగా పడక గొట్టంలోనే కూరుకుపోతుంది. తగ్గించాల్సింది గేరు. ఇంజిన్ మూలిగినట్టు శబ్దం మారితే నడక తగ్గించండి, లేదా సగం వెడల్పు మంచే తీసుకోండి.

వైరు మెషీన్ నడిపేవాళ్లు ప్లగ్ దగ్గర మొదలుపెట్టి దూరం జరుగుతూ పోవాలి. వైరు ఎప్పుడూ మీ వెనకే, తీసేసిన నేల మీదే ఉండాలి.

వాలు డ్రైవ్‌వే మీద పైకీ కిందికీ నడపండి, అడ్డంగా వద్దు. వెనక్కి వచ్చేటప్పుడు ముందు వెనక్కి తిరిగి చూడండి, అతి తక్కువ రివర్స్ గేరులోనే రండి. గరాజ్ గోడకీ మెషీన్‌కీ మధ్య మనిషి ఇరుక్కునేది ఇలాంటప్పుడే.

గొట్టం మూసుకుపోతే

దాదాపు ప్రతి ఇంట్లో ఈ సందర్భం వస్తుంది. తడి మంచు, ఆరు అంగుళాలు మించిన మంచు, 28 డిగ్రీల ఫారన్‌హీట్ పైబడిన వాతావరణం: చేతి గాయాలు ఎక్కువయ్యేవి ఇలాంటి రోజుల్లోనే అని చేతి శస్త్రచికిత్స నిపుణులు హెచ్చరిస్తారు. పొడి మంచు గొట్టంలోంచి జారిపోతుంది, తడి మంచు అతుక్కుంటుంది.

ఆఫీసుకి టైమవుతోంది, నాలుగోసారి గొట్టం బిగుసుకుంది, పుల్ల ఎక్కడో పడేశారు. చేయి తనంతట తానే గొట్టం వైపు పోతుంది. అక్కడే ఆగాలి.

ఇంజిన్ ఆపేసినా ప్రమాదం ఎందుకంటే, మంచు బిగుసుకున్నప్పుడు రెక్కలు ఆగిపోతాయి కానీ బెల్టులో, ఇరుసులో మెలిపడిన బలం అలాగే ఉండిపోవచ్చు. అడ్డుపడిన మంచు ముక్క తీసిన క్షణంలో రెక్క ఒక్కసారిగా కదులుతుంది. అది అర చుట్టే కావచ్చు, వేళ్లకు అది చాలు.

13. మూసుకుపోయినప్పుడు ఈ వరస తప్పకండి:

మీటలు రెండూ వదలండి.

ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకోండి. వైరు మెషీన్ అయితే ప్లగ్ తీయండి, బ్యాటరీది అయితే బ్యాటరీ బయటికి తీయండి.

తిరిగేవన్నీ పూర్తిగా ఆగేదాకా నిలబడండి. పదిదాకా మెల్లగా లెక్కపెట్టండి.

మెషీన్ వెనక నుంచో పక్క నుంచో ప్లాస్టిక్ పుల్లతో పొడిచి మంచు వదులు చేయండి. పుల్ల పోయి ఉంటే చీపురు కర్ర వాడండి. పుల్ల పట్టుకున్న చేయి గొట్టం నోటికి బయటే ఉండాలి.

పుల్ల తీసేసి, తన చోట తగిలించాకే మళ్లీ స్టార్ట్ చేయండి.

ఎన్నిసార్లు మూసుకుంటే అన్నిసార్లూ ఇంతే. మరీ తరచుగా మూసుకుంటుంటే తప్పు మరోచోట ఉంది: థ్రాటిల్ తక్కువగా ఉండొచ్చు, లేదా మెషీన్ వెచ్చగా ఉండొచ్చు, లేదా స్ప్రే ఆరిపోయి ఉండొచ్చు. మంచు నీళ్లలా పలచగా అయిపోతే బ్లోయర్ పక్కన పెట్టి పారతో తోసేయండి.

చేయి పెట్టకుండా పని జరగదనిపిస్తే ఆ రోజుకి మెషీన్ మానేయండి. ఆఫీసుకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పండి.

డ్రైవ్‌వే చివరి గుట్ట

అంతా అయిపోయిందనుకునేసరికి మునిసిపాలిటీ ట్రక్కు వచ్చి రోడ్డు మీది మంచునంతా మీ డ్రైవ్‌వే నోట్లోకి నెట్టిపోతుంది. ఈ గుట్ట మామూలు మంచు కాదు. నలిగి, ఉప్పునీళ్లు కలిసి, రాళ్లతో, ఐస్ గడ్డలతో బరువుగా ఉంటుంది. గంట ఆలస్యం చేస్తే రాయిలా బిగుసుకుంటుంది.

14. అతి తక్కువ గేరులో, మెషీన్ వెడల్పులో సగం మాత్రమే గుట్టలోకి పోనివ్వండి. గుట్ట మెషీన్ కంటే ఎత్తుగా ఉంటే పైభాగాన్ని పారతో కిందికి రాల్చి, తర్వాత తీయండి. మెషీన్ గుట్ట మీదికి ఎక్కబోతుంటే బలంగా నెట్టకండి, వెనక్కి తీసి మళ్లీ రండి. పెద్ద ఐస్ గడ్డలను పారతో పక్కకి తొలగించండి. రోడ్డు అంచున పనిచేసేటప్పుడు ఇంజిన్ శబ్దంలో కారు రావడం వినపడదు కాబట్టి మెరిసే జాకెట్ వేసుకోండి.

ఈ గుట్టను తగ్గించే ఉపాయం ఒకటుంది. అమెరికాలో, కెనడాలో ట్రక్కు మీ ఇంటి వైపు అంచున నడుస్తూ, డ్రైవ్‌వేలో రోడ్డు వైపు తిరిగి నిలబడిన మీకు ఎడమ నుంచి కుడికి పోతుంది. కాబట్టి డ్రైవ్‌వేకి ఎడమ పక్కన రోడ్డు అంచు వెంట పది పదిహేనడుగుల జాగా ముందే ఖాళీ చేసి, ఆ మంచును మీ గడ్డి మీదికి విసరండి. ట్రక్కు తెచ్చే మంచులో చాలా భాగం ఆ ఖాళీలో పడిపోతుంది, మీ ముందుకి వచ్చేది తక్కువ.

ఈ గుట్ట దగ్గర పార పట్టినప్పుడు ఒంటి మాట వినండి. చలిలో బరువు ఎత్తడం గుండెకు పెద్ద శ్రమ, మనవాళ్లలో గుండెజబ్బులు చిన్న వయసులోనే వస్తున్నాయి కూడా. ఛాతీలో బిగుతు, ఎడమచేతిలో నొప్పి, ఊపిరాడకపోవడం ఉంటే పని ఆపేసి 911కి ఫోన్ చేయండి. "గ్యాస్ పట్టింది" అనుకుని కూర్చోకండి.

పని సరిగ్గా అయిందో లేదో చూసుకోవడం

వెనక్కి తిరిగి తీసిన దారిని చూడండి. సింగిల్ స్టేజ్ అయితే నేల కనిపించాలి. టూ స్టేజ్ అయితే పలచటి పొర మాత్రమే మిగలాలి. ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా మిగిలిందంటే స్కిడ్ షూలు ఒక ఎత్తులో లేవు. అంతటా మందంగా మిగిలితే షూలు మరీ దించారు, లేదా స్క్రేపర్ పట్టీ అరిగింది.

మంచు ఎంత దూరం పడుతోందో చూడండి. మొన్న పడినంత దూరం పడకపోతే ముందు చోక్ పూర్తిగా తీశారో లేదో చూడండి. అది సరిగ్గానే ఉంటే బెల్టు జారుతుండొచ్చు, సింగిల్ స్టేజ్‌లో అయితే రబ్బరు అంచులు అరిగి ఉండొచ్చు.

ఆగర్‌లో ఒక సగం తిరుగుతూ రెండో సగం ఆగిపోయిందంటే షియర్ పిన్ తెగింది. అది తెగడం లోపం కాదు. ఐస్ గడ్డో న్యూస్‌పేపరో అడ్డుపడినప్పుడు ఖరీదైన గేరుబాక్సు విరగకుండా తాను విరిగేలా చేసిన మెత్తటి పిన్ అది. ఇంజిన్ ఆపి, తాళం తీసి, కొత్త పిన్ వేయండి. దాని బదులు గట్టి బోల్టు బిగిస్తే ఈసారి విరిగేది గేరుబాక్సే. మీ మోడల్‌కి చెప్పిన పిన్నులే కొనండి.

మర్నాడు పొద్దున మరోసారి చూడండి. డ్రైవ్‌వే మీద అద్దంలా ఐస్ కట్టిందంటే మీరు పోసిన గుట్ట కరిగి నీళ్లు అడ్డంగా పారాయన్నమాట. ఈసారి గుట్టలను వాలుకి దిగువ పక్కనే పోయండి. ఉప్పు చల్లేది మంచు తీశాకే, అదీ పలచగా. మామూలు రాతి ఉప్పు 15 డిగ్రీల ఫారన్‌హీట్ కిందకి పోతే పెద్దగా పనిచేయదు, అప్పుడు కాల్షియం క్లోరైడ్ వాడాలి. కాంక్రీటు కొత్తగా పోయించినదైతే మొదటి చలికాలం ఉప్పు వేయకండి, పైపొర లేచిపోతుంది. ఇసుక చల్లండి.

పని అయ్యాక, సీజన్ అయ్యాక

15. మంచు అంతా అయిపోయాక వెంటనే ఆపేయకండి. ఖాళీగా ఒకటి రెండు నిమిషాలు ఆగర్‌ని తిరగనివ్వండి, లోపలి తడి మంచు ఎగిరిపోతుంది. చ్యూట్‌ని అటూ ఇటూ తిప్పండి. తర్వాత ఆపి, తాళం తీసి, మిగిలింది బ్రష్‌తో దులపండి. ఈ రెండు నిమిషాల పని మానేస్తే మర్నాడు ఆగర్ గడ్డకట్టి కదలదు. పెట్రోలు పోయాల్సి ఉంటే ఇంజిన్ చల్లారాకే, బయటే పోయండి. మెషీన్ చల్లబడ్డాకే కవర్ వేయండి. ట్యాంకులో పెట్రోలున్న మెషీన్‌ను వాటర్ హీటర్ లాంటి మంట ఉన్న చోట పెట్టకండి.

16. ఉగాది వెళ్లాక, ఇక మంచు రాదని నమ్మకం కలిగాక (బఫెలో వాళ్లు ఏప్రిల్ నెలాఖరు దాకా ఆగండి), ట్యాంకులో మిగిలింది నడిపి ఖాళీ చేయండి. లేదా కొత్త పెట్రోల్లో స్టెబిలైజర్ కలిపి, అది కార్బురేటర్ దాకా చేరేలా కొన్ని నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపేయండి. ఆయిల్ మార్చండి. బ్యాటరీ మెషీన్ అయితే బ్యాటరీని తీసి ఇంట్లో, మాన్యువల్ చెప్పినంత చార్జితో ఉంచండి. స్క్రేపర్ పట్టీ, రబ్బరు అంచులు, బెల్టు ఎంత అరిగాయో ఇప్పుడే చూసి, వాటి పార్ట్ నంబర్లు మాన్యువల్ అట్ట మీద రాసుకోండి. వేసవిలో తెప్పించుకుంటే తీరిగ్గా బిగించుకోవచ్చు. కొత్త షియర్ పిన్నులు రెండు ఒక చిన్న సంచీలో వేసి హ్యాండిల్‌కి టేపుతో అంటించేయండి.